మారథాన్ డ్రాలో పేరు రాలేదు: మళ్లీ ఎదురుచూపులా, చారిటీ చోటా, టైమ్ కొట్టడమా, వేరే రేసా? ఏది మేలు?

పేరున్న మారథాన్‌కు పేరిచ్చి, చీట్లు తీసినట్టు పేర్లు ఎంచే డ్రాలో చోటు రాకపోతే ఎంత నీరసం వస్తుందో పరిగెత్తే అలవాటు లేనివాళ్లకు చెప్పడం కష్టం, ఎందుకంటే బయటినుంచి చూస్తే అసలేమీ జరగలేదు, ఓడిపోలేదు, దెబ్బ తగల్లేదు, ఒక మెయిల్ వచ్చిందంతే. కానీ ఆ మెయిల్ కోసం ఎంతగా ఎదురుచూశామో మనకే తెలుసు. న్యూయార్క్‌కు అప్లై చేసినవాళ్లయితే మెయిల్ దాకా కూడా ఆగలేరు. పేరు వచ్చినవాళ్ల కార్డులోంచి ఎంట్రీ ఫీజు కట్ అవుతుంది కాబట్టి, ఫలితాలొచ్చే రోజు పొద్దున్నుంచీ బ్యాంక్ యాప్ తెరవడం, కొత్త లావాదేవీ ఏమైనా పడిందా అని చూడటం, మూసేయడం, పది నిమిషాలకు మళ్లీ తెరవడం. ఏమీ పడలేదంటే విషయం అర్థమైపోతుంది, ఆ తర్వాత వచ్చే మెయిల్ చదవబుద్ధి కూడా కాదు.

ఆ నీరసంలో చాలామంది రెండింట్లో ఒకటి చేస్తారు, ఇంక ఈ ఏడాదికి పరుగే వద్దని బూట్లు మూలన పడేస్తారు, లేదా ఎంత ఖర్చయినా సరే ఆ రేసే కావాలని కనబడిన ప్రతి దారినీ పట్టుకుంటారు. రెండూ నాకు నచ్చవు. నాలుగు రోజులు ఆగి, ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి ఏది సరిపోతుందో బాగానే తెలుస్తుంది.

ముందు లెక్క చూద్దాం. 2026 లండన్ మారథాన్ బ్యాలెట్‌కు (అక్కడ డ్రాను ఇలా అంటారు) 11 లక్షల మందికి పైగా పేరిచ్చారు. 2025లో ఆ రేసు పూర్తి చేసినవాళ్లు 56,640 మంది, అప్పటికి ప్రపంచంలో ఏ మారథాన్‌లోనూ అంతమంది ఫినిష్ చేయలేదు. అంత పెద్ద రేసులోనూ చారిటీ చోట్లు, మంచి టైమ్ ఉన్నవాళ్ల చోట్లు, క్లబ్బుల చోట్లు పోగా బ్యాలెట్‌కు మిగిలేది కొంతే. 2025 న్యూయార్క్ డ్రాకు 2 లక్షలకు పైగా అప్లికేషన్లు వస్తే పేరు వచ్చింది నూటికి ఇద్దరు ముగ్గురికే. కాబట్టి పేరు రాకపోవడమే మామూలు సంగతి, అది మీ పరుగు మీద ఎవరో ఇచ్చిన తీర్పు కాదు. మీకంటే తక్కువ ప్రాక్టీస్ చేసినవాళ్లకు వచ్చిందే అని మనసు పీకుతుంది, పీకడం సహజం, కానీ డ్రాకు మీ ప్రాక్టీస్ సంగతి తెలియదు, వాళ్లదీ తెలియదు.

ఇప్పుడు మొదటి దారి, వచ్చే ఏడాది మళ్లీ అప్లై చేసి కూర్చోవడం. దీనికి కష్టం లేదు, అందుకే అందరూ ముందు దీన్నే ఎంచుకుంటారు. ఏడాదికి నూటికి 3 చొప్పున అవకాశం ఉందనుకుంటే, పదేళ్లు వరుసగా పేరిచ్చినా కనీసం ఒక్కసారి తగిలే అవకాశం నూటికి 26 మాత్రమే. అంటే పదేళ్ల తర్వాత కూడా ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు బయటే ఉంటారు. 'ఇన్నిసార్లు రాలేదు కదా, ఈసారి తప్పకుండా వస్తుంది' అని మనం అనుకుంటాం కానీ ప్రతి ఏడాదీ లెక్క మళ్లీ మొదటినుంచే మొదలవుతుంది. అప్లై చేయొద్దని కాదు, చేయండి, ఐదు నిమిషాల పని. ఏడాది మొత్తాన్నీ దానిమీద నిలబెట్టొద్దు, అది గాలిలో దీపం.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఏళ్ల తరబడి అడుగుతున్నవాళ్లను డ్రా గుర్తుపెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో జరిగే వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల రేసులో ఈ పద్ధతి ఉంది. ఒక ఏడాది పేరు రాకపోతే మరుసటి ఏడాది మీ పేరుమీద 2 చీట్లు వేస్తారు, మళ్లీ రాకపోతే 4, ఆపైన 8, అలా ఏటా రెట్టింపవుతాయి, కాకపోతే ఏటా ఒక అర్హత రేసు పూర్తి చేస్తూ ఉండాలి. న్యూయార్క్‌లో కూడా ఒకప్పుడు వరుసగా మూడుసార్లు రానివాళ్లకు నాలుగోసారి ఖాయంగా చోటిచ్చే నియమం ఉండేది, తర్వాత తీసేశారు. లక్షల్లో అప్లై చేసే చోట అందరికీ హామీ ఇస్తే కొత్తవాళ్లకు చోట్లే మిగలవన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ హామీ ఇవ్వకపోయినా ఒక అదనపు చీటీ అయినా వేయొచ్చు కదా! ఓపిక పట్టినవాడికీ నిన్నగాక మొన్న సరదాగా పేరిచ్చినవాడికీ ఒకే చీటీ అంటే బాధగానే ఉంటుంది.

రెండో దారి చారిటీ చోటు. ఒక సేవాసంస్థ తరఫున పరిగెత్తుతారు, వాళ్లు చెప్పిన మొత్తాన్ని విరాళాలుగా సేకరించి ఇస్తారు, చోటు ఖాయం. దీన్ని 'డబ్బులిచ్చి చోటు కొనుక్కోవడం' అని కొట్టిపారేసేవాళ్లున్నారు, ఆ మాట నేను ఒప్పుకోను. 2025లో ఒక్క లండన్ మారథాన్ రన్నర్ల ద్వారానే 8.73 కోట్ల పౌండ్ల విరాళాలు పోగయ్యాయి, దాంతో నడిచే పనులు ఎన్నో ఉంటాయి. కానీ మీవైపు నుంచి చూస్తే ఇది రెండో ట్రైనింగ్ ప్లాన్ లాంటిది. అడగాల్సిన మొత్తం ఎంట్రీ ఫీజుకు ఎన్నో రెట్లు ఉంటుంది. పొద్దున 30 కిలోమీటర్ల లాంగ్ రన్ చేసొచ్చి, సాయంత్రం కూర్చుని చుట్టాలకు, ఆఫీసువాళ్లకు, ఎప్పుడో కలిసి చదువుకున్నవాళ్లకు మెసేజ్‌లు పెట్టాలి, జవాబివ్వనివాళ్లకు మొహమాటం పక్కనపెట్టి మళ్లీ గుర్తుచేయాలి. అమెరికాలో చాలా సంస్థల దగ్గర లక్ష్యం చేరకపోతే మిగిలిన మొత్తం రన్నర్ కార్డునుంచే కట్ చేస్తారు, సంతకం పెట్టేముందు ఆ లైను వెతికి మరీ చదవండి. ఆ సంస్థ చేసే పనితో మీకు నిజంగా సంబంధం ఉంటే, మీ ఇంట్లో ఎవరికో ఆ జబ్బు వచ్చి ఉంటేనో, ఆ పని మీ కళ్లతో చూసి ఉంటేనో, ఇంతకంటే మంచి దారి లేదు, ఎందుకంటే అడిగేటప్పుడు మాట దానంతటదే వస్తుంది. కేవలం బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే రేసు నంబరు) కోసమే అయితే మూడో నెలకల్లా అలసిపోతారు, ఆ అలసట పరుగులోకీ దిగుతుంది.

మూడోది టైమ్ కొట్టడం. బోస్టన్‌కు డ్రా అసలే లేదు, చారిటీ చోట్లు పక్కనపెడితే వయసును బట్టి పెట్టిన టైమ్ కొట్టినవాళ్లకే తలుపు తెరుచుకుంటుంది. 2026 రేసుకు 18 నుంచి 34 ఏళ్ల మగవాళ్లకు 2 గంటల 55 నిమిషాలు, అదే వయసు ఆడవాళ్లకు 3 గంటల 25 నిమిషాలు. వయసు పెరిగేకొద్దీ ఇది సడలుతుంది, అందుకే రన్నర్లలో కొందరు 40, 45 నిండే రోజు కోసం సంతోషంగా ఎదురుచూస్తారు. మన చేతిలో ఉన్నది కాబట్టి ఇదే అన్నిటికంటే న్యాయం అనిపిస్తుంది. కానీ 2026 సంగతి చూడండి. అర్హత టైమ్ చేతిలో పెట్టుకుని 33,249 మంది అప్లై చేస్తే 24,362 మందికే చోటు దొరికింది. మిగిలిన 8,887 మందీ టైమ్ కొట్టినవాళ్లే, అయినా ఆ ఏడాది అర్హత టైమ్ కంటే 4 నిమిషాల 34 సెకన్లు తక్కువలో ఉంటేనే పని జరిగింది. డ్రాలో పోవడం కంటే ఇది ఎక్కువ బాధ, ఎందుకంటే ఇక్కడ అదృష్టాన్ని తిట్టుకోవడానికి కూడా లేదు.

మీ టైమ్‌కూ అర్హతకూ మధ్య పది నిమిషాల లోపే ఉంటే ఈ దారి గురించి గట్టిగా ఆలోచించండి. 4 గంటలకు పైన పరిగెత్తేవాళ్లు వచ్చే ఏడాదికల్లా 3 గంటల లోపు అని ప్లాన్ వేసుకుంటే మాత్రం మోకాలో పిక్కో ముందు మొరాయిస్తుంది. అది ఏళ్ల పని, నెలల పని కాదు.

న్యూయార్క్‌లోనే ఇంకో పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. అక్కడి రన్నింగ్ క్లబ్ సభ్యులు ఏడాదిలో 9 అర్హత రేసులు పరిగెత్తి, ఒక రేసుకు వాలంటీర్‌గా పనిచేస్తే తర్వాతి ఏడాది మారథాన్‌లో చోటు ఖాయం. వేగంతో పనిలేదు, జేబుతోనూ పెద్దగా పనిలేదు, వచ్చి నిలబడితే చాలు. కాకపోతే ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకే అది కుదురుతుంది.

అధికారిక ట్రావెల్ ప్యాకేజీల గురించి చెప్పడానికి పెద్దగా లేదు, హోటలూ బిబ్బూ కలిపి అమ్ముతారు, ఖర్చు పెట్టగలిగితే తప్పేమీ లేదు, అమ్మే సంస్థ పేరు రేసు నిర్వాహకుల జాబితాలో ఉందో లేదో చూసుకోండి చాలు. వేరేవాళ్ల బిబ్ తీసుకుని వాళ్ల పేరుతో పరిగెత్తడం మాత్రం వద్దు, దయచేసి వద్దు. దొరికితే డిస్‌క్వాలిఫై చేస్తారన్నది చిన్న విషయం. 35వ కిలోమీటరు దగ్గర కుప్పకూలితే మెడికల్ టెంట్‌లో డాక్టర్లు ఆ నంబరు చూసి తీసే వివరాలు మీవి కావు, వయసు మీది కాదు, అలర్జీలు మీవి కావు, వాళ్లు ఫోన్ చేసేది మీ ఇంటికి కాదు.

ఇక నాలుగో దారి, అంతగా పేరులేని వేరే మారథాన్ పరిగెత్తడం. నేను ఎక్కువగా దీని వైపే మొగ్గుతాను, కానీ ఇందులో పోయేది ఏమిటో కూడా దాచకుండా చెప్పాలి. పెద్ద రేసులో జనం ఇచ్చే ఊపు వేరు. లండన్‌లో సగం దూరానికి కాస్త ముందు టవర్ బ్రిడ్జి మీదకు రాగానే చెవులు దిమ్మెక్కిపోయే అరుపులు, న్యూయార్క్‌లో క్వీన్స్‌బరో బ్రిడ్జి మీద అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడని నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా ఫస్ట్ అవెన్యూ హోరులోకి దిగడం, ఇవి చిన్న రేసులో దొరకవు. అక్కడ 33వ కిలోమీటరు దగ్గర రోడ్డు ఖాళీగా ఉంటుంది. ముందున్న రన్నర్ వంద మీటర్ల దూరంలో ఒక చొక్కా రంగులా మాత్రమే కనబడతాడు, వెనక ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు, మలుపులో ఒకే ఒక్క వాలంటీర్ రెండు చేతుల్లో రెండు నీళ్ల కప్పులు పట్టుకుని మీకోసమే నిలబడి ఉంటుంది. 'ఇంకెంత, వచ్చేశారు' అంటుంది. ఆ మాట మీ ఒక్కరికే. దాన్ని తక్కువగా చూడలేను నేను.

వచ్చేది కూడా తక్కువేం కాదు. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలండ్ మీద చలిలో, తర్వాత పడేయడానికి తెచ్చుకున్న పాత స్వెట్టర్లు వేసుకుని, గంటల తరబడి కూర్చుంటే గానీ మీ వేవ్ (రన్నర్లను జట్లుజట్లుగా వదులుతారు, అందులో మీ జట్టు) మొదలవదు. చిన్న రేసులో అరగంట ముందు వచ్చి, వార్మప్ చేసి, టాయిలెట్‌కు వెళ్లొచ్చి నేరుగా స్టార్ట్ లైన్ మీద నిలబడొచ్చు. మొదటి కిలోమీటరు నుంచే మీ పేస్ మీది. పెద్ద రేసుల్లో అటూ ఇటూ జనాన్ని తప్పించుకుంటూ, మలుపుల్లో బయటి అంచున పరిగెత్తి, ఫినిష్ లైన్ దగ్గర వాచీ చూస్తే 42.195 బదులు 42.6, 42.7 కనబడటం మామూలే. గట్టి టైమ్ కొట్టాలనుకునేవాళ్లకు జనం పలచగా ఉన్న చదునైన కోర్సు నిజంగా లాభం. పైగా తేదీ మీ ఇష్టం, చలి ఎప్పుడుంటుంది, ఆఫీసు పని ఎప్పుడు తక్కువ, ట్రైనింగ్‌కు 16 నుంచి 18 వారాలు ఎక్కడ దొరుకుతాయి అని చూసుకుని రేసును ఎంచుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద కారణం ఇంకోటుంది. మిగతా దారులు చాలావరకు ఇలాంటి చిన్న రేసుల మీదే ఆధారపడతాయి. టైమ్ కొట్టాలంటే ఏదో ఒక మారథాన్ పరిగెత్తాలి కదా. రేపు డ్రాలో అనుకోకుండా పేరు వస్తే, ఏడాదంతా కదలకుండా కూర్చున్న కాళ్లతో మొదలుపెడతారా, ఒక ఫినిష్ వెనకేసుకున్న కాళ్లతోనా? అందుకే వరుస ఇలా పెట్టుకుంటే బాగుంటుందని నా ఉద్దేశం. ఈ సీజన్‌కు ఒక చిన్న మారథాన్ ఖాయం చేసుకోండి, డ్రాకు పక్కనుంచి ఏటా పేరిస్తూ ఉండండి, అర్హత టైమ్ దగ్గర్లో ఉంటే ఆ చిన్న రేసునే దానికి వాడుకోండి, చారిటీ దారి మనసుకు దగ్గరైన పని దొరికినప్పుడు పట్టండి. మొదటి మారథాన్ పరిగెత్తుతున్నవాళ్లయి, జనం హోరు లేకపోతే అసలు పూర్తి చేయలేమేమో అని నిజంగా భయపడేవాళ్లయితే మాత్రం చారిటీ చోటునే ముందు పెట్టండి, లేదా రెండు మూడు వేల మంది వచ్చే మధ్యస్థాయి రేసు చూడండి, అక్కడ చివరి కిలోమీటర్లలో జనం బాగానే ఉంటారు.

రేసు ఎంచుకునేటప్పుడు కోర్సును అధికారికంగా కొలిచి సర్టిఫై చేశారో లేదో చూడండి, అది లేకపోతే అక్కడి టైమ్ ఎక్కడా చెల్లదు. బోస్టన్ దృష్టిలో ఉంటే కోర్సు మొత్తమ్మీద ఎంత కిందికి దిగుతుందో కూడా చూడాలి, 2027 నుంచి 457 మీటర్లు, ఆపైన దిగే కోర్సుల టైమ్‌కు వాళ్లు కనీసం 5 నిమిషాలు కలిపి లెక్కిస్తున్నారు. కటాఫ్ టైమ్ (రేసు ముగించాల్సిన గడువు) ఎంత, 25వ కిలోమీటరు తర్వాత నీళ్లు ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి పెడతారు, పేసర్లు (అనుకున్న టైమ్‌కు ఒకే వేగంతో పరిగెత్తి మనల్ని నడిపించేవాళ్లు) ఉన్నారా, ఇవి వెబ్‌సైట్‌లో లేకపోతే నిర్వాహకులకు ఫోన్ చేసి అడగండి, చిన్న రేసుల్లో ఎత్తేది రేస్ డైరెక్టరే కావచ్చు.