ఎస్‌సీసీలో ఊచకి పట్టు: బాగుంది, కానీ బండిని బట్టి

ఎస్‌సీసీ, అంటే సెల్ఫ్ కంపాక్టింగ్ కాంక్రీట్ గురించి, వైబ్రేటర్ అక్కర్లేదు, దానంతటదే పారుతుంది లాంటివి అందరూ రాసేశారు, నేను ఊచ పట్టు, అంటే లోపలి ఇనుప ఊచని కాంక్రీట్ ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నదే చెప్తా. గచ్చిబౌలిలో మా సైట్‌లో పోడియం (కింది అంతస్తుల) బీమ్‌లు, బీమ్-కాలమ్ జంక్షన్లు అన్నీ ఎం40 గ్రేడ్ ఎస్‌సీసీయే, మొదట్లో కనపడ్డ ప్రతివాడికీ సూపర్ అని చెప్పేవాణ్ణి.

నమ్మకం కుదిరింది మాత్రం చిప్పింగ్ అప్పుడే. డ్రాయింగ్ మారిందని ఒక బీమ్ కొట్టేయాల్సొచ్చింది, జంక్షన్ దగ్గర 25 ఎంఎం ఊచలు, మధ్యలో వైబ్రేటర్ నీడిల్ కాదుకదా వేలు కూడా దూరదు, బ్రేకర్ కుర్రాడు తిట్టుకుంటూనే కొడుతున్నాడు. పై ఊచ కింద నుంచి ఒక పెచ్చు ఊడితే తిప్పి చూశా, ఊచ మీది రిబ్స్ గాట్లు అచ్చు గుద్దినట్టు దిగున్నాయి, ఒక్క బుడగ లేదు. మామూలు కాంక్రీట్‌లో పై ఊచ కిందకే బ్లీడింగ్ నీళ్లు (పచ్చి కాంక్రీట్‌లోంచి పైకి తేలేవి) చేరి సన్నగా ఖాళీ వదుల్తాయి, పట్టు పోయేది అక్కడే. అమెరికా వాళ్ల ఏసీఐ 318 కోడ్ అయితే ఊచ కింద 300 ఎంఎం మించి పచ్చి కాంక్రీట్ ఉంటే డెవలప్‌మెంట్ లెంత్ (పట్టు కోసం ఊచ కాంక్రీట్‌లో ఉండాల్సిన పొడవు) 1.3 రెట్లు చెయ్యమంటుంది, ఊరికే కాదు మరి.

తర్వాత ఎండాకాలంలో ఒక కాంక్రీట్ బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుని లేటుగా వచ్చింది, దార్లో నీళ్లు కలిపారు. ఫ్లో (కోన్ ఎత్తితే కాంక్రీట్ పరుచుకునే వెడల్పు) తీస్తే 750 ఎంఎం దాటింది, అంచున నీళ్ల వలయం, మధ్యలో కంకర కుప్ప, వద్దు వెనక్కి పంపండి అన్నా, ప్లాంట్ వాళ్లేమో ఏం కాదు సార్ అంటారు, మా పైవాళ్లకి షెడ్యూల్. పోశారు. ఆనక గట్టిపడ్డాక డ్రిల్‌తో కోర్ ముక్క తీస్తే పై ఊచ కింద అదే ఖాళీ గీత! అప్పట్నుంచి నా సూపర్‌కి ముందు 'ఫ్లో చూసి పోస్తే' అని తగిలిస్తున్నా.

ఎస్‌సీసీయే కదా ల్యాప్ (రెండు ఊచలు పక్కపక్కన కలిసుండే పొడవు) తగ్గిద్దాం అని స్టీల్ కాంట్రాక్టర్ ఒకటే గొడవ, మన ఐఎస్ 456 కోడ్‌లో దీనికంటూ వేరే రాయితీ ఏం లేదు, ఎం40కి ఎఫ్‌ఈ500 స్టీల్‌తో 36డి (ఊచ మందానికి 36 రెట్లు) దాకా వస్తుంది, అంతే ఇచ్చాం.

మాలా ఇనుము కిక్కిరిసిన చోటైతే కళ్లు మూసుకుని తీసుకుంటా, అదీ ఫ్లో టెస్ట్ చేసే మనిషి, పచ్చి ఎస్‌సీసీ ప్రెషర్ తట్టుకునే షట్టరింగ్ ఉంటేనే. ఊళ్లో మా ఇల్లు కడితే మాత్రం మామూలు కాంక్రీటే, నీడిల్ సరిగ్గా పట్టే మేస్త్రి దొరికితే చాలు, రేటు తేడా అక్కడ నాకు గిట్టుబాటు కాదు.