అప్‌వర్క్‌లో రాసి సంపాదించడం: పని సంగతేమో గానీ డబ్బులు మాత్రం వస్తాయి

ఈ మధ్య అప్‌వర్క్ (పనిచ్చే క్లయింట్లనీ ఇంటి నుంచి పని చేసేవాళ్ళనీ కలిపే సైటు) గురించి చాలామంది అడుగుతున్నారు, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న పిల్లలు, పిల్లల్ని స్కూలుకి పంపాక రెండు మూడు గంటలు ఖాళీ దొరికే ఆడవాళ్ళు, "ఇంగ్లీషు బాగానే రాస్తానండీ, బ్లాగులకి రాస్తే డాలర్లు ఇస్తారంట కదా" అని. ఇస్తారు. నేను కాకినాడలో కూర్చుని కొన్నేళ్ళుగా బయట దేశాల చిన్న చిన్న వ్యాపారాల బ్లాగులకి రాస్తున్నాను, పళ్ళ డాక్టర్లు, ఇళ్ళకి రంగులేసేవాళ్ళు, కుక్కల తిండి అమ్మేవాళ్ళు, ఇలాంటివాళ్ళకి (మా ఇంట్లో కుక్క లేదు, అయినా కుక్కకి ఏది అరగదో నన్ను నిద్రలేపి అడిగినా చెప్తాను). అందుకే ఈ సైటు మీద ఒక రివ్యూ రాద్దామనిపించింది.

పని వెతికిపెట్టే సైటుగా అయితే 5కి 2 ఇస్తాను. చేసిన పనికి డబ్బులు వసూలు చేసిపెట్టే సైటుగా అయితే 5కి 5. కలిపి మూడున్నర అనుకోండి.

వసూలుకి అన్ని మార్కులు ఎందుకో, మన దగ్గర రాసి బతుకుదామనుకున్నవాళ్ళకి వివరించక్కర్లేదు. ఒక పత్రికకి కథ పంపితే వేసుకున్నారో లేదో నెలల తరబడి తెలియదు, వేసుకున్నాక ఎవరో చుట్టాలు ఫోన్ చేసి "నీ కథ చూశామే" అంటే తెలుస్తుంది, పారితోషికం సంగతి అడగాలంటే మనకే మొహమాటం. పోనీ అనుకుంటే ఆ పత్రికలు కూడా తగ్గిపోయాయి, 1978లో మొదలైన విపుల, చతుర కూడా కరోనా కాలంలోనే ఆగిపోయాయి. స్వాతి ఉంది, పేపర్ల ఆదివారం పుస్తకాలు ఉన్నాయి, వాటిలో ఎంతమందికని చోటు దొరుకుతుంది. ఈమాట లాంటి వెబ్ పత్రికలు 1998 నుంచి మంచి సాహిత్యం వేస్తున్నాయి కానీ అవి ఇష్టంతో నడిపేవి, అక్కడికి డబ్బుల కోసం వెళ్ళేవాళ్ళెవరూ ఉండరు. ఇక హైదరాబాద్‌లో కంటెంట్ ఏజెన్సీలని ఉంటాయి, పదానికి పైసల లెక్కన ఇస్తారు, నేను పనిచేసిన ఒకటి ఆ పైసలు కూడా "అకౌంట్స్ వాళ్ళు లీవ్‌లో ఉన్నారు" అని తిప్పి తిప్పి, ఆఖరికి నా నంబరే బ్లాక్ చేసింది.

అప్‌వర్క్‌లో ఆ గొడవ లేదు. ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్ట్ (పని మొత్తానికి ఇంత అని మాట్లాడుకునేది) అయితే క్లయింట్ ముందే డబ్బు సైటు దగ్గర పెట్టాలి, దాన్ని ఎస్క్రో అంటారు, సంక్రాంతి కోడిపందేల్లో రెండు వైపులవాళ్ళ డబ్బూ పెద్దమనిషి చేతిలో పెడతారు చూడండి, అలాగన్నమాట. మైల్‌స్టోన్ (అంటే పనిలో ఒక విడత) ఫండ్ అయిందని, అంటే దాని డబ్బు పెట్టేశాడని, కనిపించేదాకా ఒక్క పేరా కూడా రాయకండి, క్లయింట్ ఎంత మంచివాడిలా మాట్లాడినా సరే. రాసి సబ్మిట్ చేశాక క్లయింట్ అప్రూవ్ చేస్తే ఇంకో 5 రోజులకి డబ్బు మన చేతికొస్తుంది, క్లయింట్ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే 14 రోజులకి దానంతటదే రిలీజ్ అవుతుంది. అయితే సైటులో ఉన్న సబ్మిట్ బటనే నొక్కాలి, చాట్‌లో ఫైలు పంపేసి ఊరుకుంటే ఆ 14 రోజుల లెక్క అసలు మొదలే కాదు, ఇది కొత్తవాళ్ళు చాలామందికి తెలియదు.

గంటల లెక్కన పనైతే ఇంకో పద్ధతి. కంప్యూటర్‌లో వాళ్ళ యాప్ ఆన్ చేసుకుని రాయాలి, అది సుమారు పది నిమిషాలకొకసారి మన స్క్రీన్ ఫోటో తీస్తుంటుంది, మధ్యలో యూట్యూబ్‌లో వంకాయ కూర వీడియో పెడితే అది కూడా క్లయింట్‌కి కనిపిస్తుంది (ఆ ఒక్క ఫోటో తీసేసే వీలుంది, తీసేస్తే ఆ పది నిమిషాల డబ్బులూ పోతాయి). వారం లెక్క మనకి సోమవారం పొద్దున్న ఐదున్నరకి ముగుస్తుంది, తర్వాత పది రోజులకి, అంటే పై వారం బుధవారానికి డబ్బు రెడీ అవుతుంది. యాప్ లేకుండా చేత్తో టైప్ చేసిన గంటలకి మాత్రం డబ్బు ఖాయంగా వస్తుందన్న రక్షణ వర్తించదు. నాకైతే ఈ ఫోటోల వ్యవహారం నచ్చదు, రాసేవాళ్ళు సగం టైము కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు కదా, దాన్ని పని కింద ఎవడు లెక్కేస్తాడు. అందుకే నేను ఫిక్స్‌డ్ మాత్రమే తీసుకుంటాను.

ఇప్పుడు ఆ 2 మార్కుల సంగతి.

పనికి అప్లై చెయ్యాలంటే కనెక్ట్స్ అని టోకెన్ల లాంటివి కొనుక్కోవాలి, ఒక్కోటి 15 సెంట్లు. నెలకి కొన్ని ఉచితంగా ఇస్తారు గానీ అవి ఏ మూలకీ రావు, ఎందుకంటే ఒక మాదిరి రైటింగ్ పనికి అప్లై చెయ్యాలంటే పది పన్నెండు కనెక్ట్స్ అడుగుతున్నారు, పైగా మన ప్రపోజల్ (పని అడుగుతూ రాసే దరఖాస్తు) పై వరసలో కనిపించాలంటే అదనంగా వేలం పాడాలి. క్లయింట్ మన ప్రపోజల్ తెరిచి చూడకపోయినా అప్లై చెయ్యడానికి పెట్టిన కనెక్ట్స్ పోయినట్టే.

లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే యూట్యూబ్‌లో "నెలకి లక్ష" అనేవాళ్ళెవరూ ఈ లెక్క వెయ్యరు. ఒక ఆర్టికల్ 50 డాలర్లకి కుదిరింది అనుకోండి. పది ప్రపోజళ్ళకి ఒకటి తగిలిందనుకుంటే, ఒక్కోదానికి 12 కనెక్ట్స్ చొప్పున 18 డాలర్లు అక్కడే అయిపోయాయి. సైటు ఫీజు 10% అనుకుంటే 5 డాలర్లు, మనకి జీఎస్టీ నంబర్ లేకపోతే ఆ ఫీజు మీద మళ్ళీ 18% జీఎస్టీ, అంటే ఇంకో 90 సెంట్లు. బ్యాంకుకి పంపించుకుంటే 99 సెంట్లు. మిగిలింది 25 డాలర్ల చిల్లర. సగం! కనెక్ట్స్ మీద పడే జీఎస్టీ, టీడీఎస్ కింద పోయే కాస్తా ఇందులో కలపనేలేదు, రూపాయల్లోకి మార్చేటప్పుడు గూగుల్‌లో కనిపించే రేటు కన్నా కొంచెం తక్కువ వస్తుంది, అదీ కలపలేదు.

కానీ అదే క్లయింట్ రెండో ఆర్టికల్ ఇచ్చాడనుకోండి, కనెక్ట్స్ ఖర్చు ఉండదు, 50లో 43 డాలర్లు మనవే. నన్నడిగితే ఈ సైటులో సంపాదన అంతా ఆ రెండో ఆర్టికల్ నుంచే. ఒక్కసారి పనిచ్చి మాయమయ్యే క్లయింట్లు పదిమంది కన్నా నెలనెలా నాలుగు పోస్టులు రాయించుకునే డెంటిస్ట్ ఒక్కడు చాలు. కాబట్టి అప్లై చేసే ముందు క్లయింట్ పేజీలో పేమెంట్ వెరిఫైడ్ (డబ్బు కట్టే పద్ధతిని సైటు సరిచూసిందన్న గుర్తు) ఉందా, ఇప్పటిదాకా ఎంత ఖర్చు పెట్టాడు, పాత రైటర్లు ఏం రాశారు అన్నీ చూడండి, ఒకే రైటర్‌కి మళ్ళీ మళ్ళీ పనిచ్చినవాడు కనిపిస్తే వాడి మీద కనెక్ట్స్ పెట్టొచ్చు.

ఫీజు కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. ఒకప్పుడు ఒక క్లయింట్ దగ్గర మొదటి 500 డాలర్ల దాకా 20% కోసేవాళ్ళు, తర్వాత తగ్గుతూ వచ్చేది. 2023లో అందరికీ 10% చేశారు. 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకి 0 నుంచి 15% మధ్యలో ఎంతైనా ఉండొచ్చు అన్నారు, ఎంతనేది అప్లై చేసేముందే చూపిస్తుంది, చూసుకోవడం మన పని. ఫైవర్ అనే ఇలాంటి ఇంకో సైటులో అయితే ఎప్పుడూ 20%, 100కి 80 మనకి, కానీ అక్కడ మనం షాపు తెరిచి కూర్చుంటే క్లయింట్లే వస్తారు, కనెక్ట్స్ కొనక్కర్లేదు. మా పిన్ని కూతురు అక్కడ రెజ్యూమెలు రాస్తుంది, దానికి అదే బావుందంటుంది. అక్కడ ఆర్డర్ పూర్తయ్యాక మామూలుగా 14 రోజులు ఆగాలి డబ్బు కోసం.

ఇక పని సంగతి. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక "800 పదాల్లో ఎస్ఈఓ ఆర్టికల్ కావాలి" (గూగుల్‌లో వెతికితే పైన కనిపించేలా రాసేది) అనే పోస్టులు బాగా పల్చబడ్డాయి. వాటి బదులు "ఏఐతో రాయించాం, మనిషి రాసినట్టు మార్చండి" అనేవి వస్తున్నాయి, రేటు చూస్తే నవ్వొస్తుంది. ఒక క్లయింటు నేను సొంతంగా రాసినదాన్ని ఏదో డిటెక్టర్‌లో వేసి ఇది 60% ఏఐ అన్నాడు, అదే డిటెక్టర్‌లో తన పాత వెబ్‌సైటు వేసుకుని చూడమన్నాను, తర్వాత మాట్లాడలేదు. అందుకని ఇప్పుడు గూగుల్ డాక్‌లోనే రాస్తాను, వెర్షన్ హిస్టరీ (ఎప్పుడు ఏం రాశామో దాచుకునే రికార్డు) చూపిస్తే వాదన ఉండదు. ఇప్పటికీ డబ్బులున్నవి ఏవంటే, కంపెనీ ఓనర్‌తో అరగంట మాట్లాడి దాన్ని ఆర్టికల్‌గా రాయడం, కస్టమర్ కథలు, నర్సింగో అకౌంట్సో చదివినవాళ్ళు ఆ సబ్జెక్ట్ మీద రాయడం. మీ చదువు ఏదైతే దాని మీదే రాయండి, బీకాం చదివి ట్రావెల్ బ్లాగులు రాస్తానంటే ఊటీ చూడని నాలాంటివాళ్ళు అక్కడ ఇప్పటికే వేలమంది ఉన్నారు.

తెలుగు పనులు కూడా వస్తాయి ఇందులో, చాలామందికి తెలియదు. ఆడియో విని టైప్ చెయ్యడం, సబ్‌టైటిల్స్, అనువాదం, ఏఐ ఇచ్చిన తెలుగు జవాబులు చదివి తప్పులు పట్టడం. సృజనాత్మకత ఏమీ ఉండదు, విసుగ్గా ఉంటుంది, కానీ పోటీ తక్కువ, మొదటి రెండు మూడు రివ్యూలు తెచ్చుకోవడానికి ఇంగ్లీషు బ్లాగుల కన్నా ఇదే తేలిక. కథలు, సీరియల్స్ రాసేవాళ్ళకి మాత్రం ఇది చోటు కాదు, వాళ్ళు ప్రతిలిపి లాంటి కథల యాప్‌లు చూసుకోవాలి.

మోసాల గురించి ఒక్క మాట. "పీడీఎఫ్ చూసి వర్డ్‌లో టైప్ చెయ్యండి, 500 డాలర్లు" అని ఉంటే అది పని కాదు. "టెలిగ్రామ్‌లోకి రండి" అన్నా, "ముందు డిపాజిట్ కట్టండి" అన్నా, శాంపిల్ పేరుతో పూర్తి ఆర్టికల్ ఉచితంగా అడిగినా రిపోర్ట్ కొట్టి వచ్చెయ్యండి. ఇలాంటివి సైటు వాళ్ళు తీసేస్తూనే ఉంటారు, మళ్ళీ వస్తూనే ఉంటాయి, నేను మార్కులు తగ్గించడానికి ఇదీ ఒక కారణం.

మంచి క్లయింట్ దొరికాక "ఫీజు ఎందుకు, డైరెక్ట్‌గా పేపాల్‌లో పంపిస్తాను" అంటాడు. అక్కడ పరిచయమైన క్లయింట్‌తో 2 సంవత్సరాల దాకా సైటు ద్వారానే డబ్బు తీసుకోవాలి, కాదంటే విడిగా ఫీజు కట్టి బయటికి రావాలి, దొంగచాటుగా చేసి పట్టుబడితే అకౌంట్ పోతుంది, దాంతోపాటు రివ్యూలన్నీ పోతాయి. పైగా పేపాల్ కూడా ఊరికే ఏమీ పంపించదు.

ఫ్రీలాన్సర్ ప్లస్ (అప్‌వర్క్‌లోనే నెలనెలా డబ్బు కట్టే ప్లాన్) తీసుకోవాలా అని కూడా అడుగుతున్నారు. నెలకి సుమారు 20 డాలర్లు, 100 కనెక్ట్స్ ఇస్తారు, విడిగా కొంటే ఆ 100కి అయ్యేది 15 డాలర్లు. మిగతా 5 డాలర్లకి ఏమొస్తుందంటే పోటీవాళ్ళు ఎంతకి వేశారో చూడొచ్చు, అది చూసి రేటు తగ్గించుకోవడం తప్ప నాకు ఒరిగిందేమీ లేదు. రెగ్యులర్ క్లయింట్లు ఇద్దరు కుదిరాక తీసేశాను, ఇప్పుడు ఎప్పుడైనా అవసరమైతే విడిగా ఒక పది కనెక్ట్స్ కొనుక్కుంటాను.