నలభై ఏళ్లు వాడాక ఆడియో క్యాసెట్: రీలుకు నూటికి తొంభై, రబ్బరుకు సున్నా

యాభై దాటినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే కాసేపటికి క్యాసెట్ మాట రాక మానదు. రీలు నలగడం, పెన్సిల్ పెట్టి తిప్పడం, పాట సాగిపోవడం, అన్నీ వరసగా వచ్చేస్తాయి. తప్పు మాత్రం ఎప్పుడూ రీలు మీదే వేస్తారు. ఇన్నేళ్ల వాడకంలో తేలింది వేరు. 1980లలో నింపిన రీళ్లు చాలావరకు నేటికీ శుభ్రంగా పాడుతున్నాయి. వాటిని తిప్పే యంత్రంలోని రబ్బరు ముక్కలే మాట నిలబెట్టుకోలేదు.

ఫిలిప్స్ సంస్థ 1963లో బయటపెట్టిన వస్తువు ఇది. రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ఆ కొలతలు ఇప్పటికీ మారలేదు. అందుకే నలభై ఏళ్ల నాటి క్యాసెట్ కొత్త యంత్రంలోనూ పాడుతుంది. స్టీరియోలో కుడి ఎడమ గీతలు రెండూ పక్కపక్కనే ఉండేలా అమర్చారు కాబట్టి, ఒకే స్పీకరున్న పాత మోనో యంత్రం కూడా స్టీరియో క్యాసెట్‌ను ఏ పేచీ లేకుండా పాడిస్తుంది. ఇంత ముందుచూపు ఉన్న వస్తువులు తక్కువ.

ఎక్కువ నిడివి క్యాసెట్ కొనుక్కున్నవాళ్లే ఎక్కువ నష్టపోయారు. సీ-60లో (రెండు వైపులూ కలిపి 60 నిమిషాలు పాడేది) రీలు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-90లో 12, సీ-120లో 9. పెట్టె అంతే ఉండి రెండింతల రీలు పట్టాలంటే పలచబడక తప్పదు. పలచనిది సాగుతుంది, మడత పడుతుంది. పైగా చుట్టల్లో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొరకు అంటుకుంటుంది. పాట మొదలవడానికి ఒక క్షణం ముందు, నిశ్శబ్దంలో, అదే పాట ఎక్కడో దూరం నుంచి సన్నగా వినిపించడం గుర్తుందా? అది భ్రమ కాదు, పక్క చుట్టలోంచి వచ్చిన నీడ. దాచుకోవాల్సిన గొంతులకు సీ-60, వినడానికి సీ-90. సీ-120కి దూరంగా ఉండటం మంచిది.

ఇక 'రీలు మింగేయడం' సంగతి. యంత్రంలో సన్నటి ఇనుప కడ్డీ ఒకటి, దానికి ఆనుకుని రబ్బరు చక్రం ఒకటి ఉంటాయి. కడ్డీని కాప్‌స్టాన్ అంటారు, చక్రాన్ని పించ్ రోలర్. ఆ రెండింటి మధ్య నలుగుతూ రీలు ముందుకు నడుస్తుంది. అలా వచ్చిన రీలును కుడివైపు చక్రం ఎప్పటికప్పుడు చుట్టుకోవాలి. ఆ చక్రాన్ని తిప్పే రబ్బరు గట్టిపడి జారితే అది ఆగిపోతుంది, పించ్ రోలర్ మాత్రం రీలును తోస్తూనే ఉంటుంది. ఐదు సెకన్లలో దాదాపు 24 సెంటీమీటర్లు. పోయే దారి లేక ఆ రీలు కడ్డీకి, రోలర్‌కి చుట్టుకుంటుంది. పాట వణికి ఆగేసరికి లోపల ఓ చిన్న జడ అల్లేసి ఉంటుంది.

అప్పుడు కంగారుపడి ఎజెక్ట్ నొక్కి లాగితే రీలు సాగిపోతుంది, సాగిన రీలు మళ్లీ మామూలు కాదు. ముందు స్టాప్ నొక్కి, కరెంటు తీసేయాలి. మూత తెరిచి క్యాసెట్‌ను కొద్దిగా పైకెత్తి పట్టుకుని, వీలుంటే కాప్‌స్టాన్ వెనక ఉన్న బరువు చక్రాన్ని వేలితో వెనక్కి తిప్పాలి. చుట్టుకున్నది తనంతట తనే వదులుతుంది. నలిగిన భాగాన్ని శుభ్రమైన వేళ్ల మధ్య మెల్లగా సర్దితే చాలు. ఇస్త్రీ పెట్టె జోలికి మాత్రం వెళ్లకండి.

పెన్సిల్ ఉపాయానికి ఇప్పటికీ పోటీ లేదు. క్యాసెట్ కన్నంలో ఆరు పళ్లు ఉంటాయి, ఆరు పలకల పెన్సిల్ వాటిలో బిగుతుగా కూర్చుంటుంది. గుండ్రటి పెన్సిల్ జారుతుంది. తిప్పేటప్పుడు రీలు మెలిక పడలేదని కింది కిటికీలో చూసుకుంటూ ఉండాలి. ఒక్క మెలిక లోపలికి పోయిందంటే అక్కడినుంచి పాట తలకిందులుగా, అంటే అవతలి వైపు పాట వెనక నుంచి ముందుకు, మసకగా వినిపిస్తుంది. ఎక్కడ మెలిక ఉందో అక్కడిదాకా లాగి సరిచేయాల్సిందే. రీలు తెగితే మామూలు జిగురు టేపు వాడొద్దు. దాని జిగురు కరిగి పక్క చుట్టలకు అంటుతుంది. అతుకు వేయడానికే చేసిన స్ప్లైసింగ్ టేపు ఉంటుంది. రెండు కొసలను ఏటవాలుగా కోసి, రీలు మీది పాటను చదివే హెడ్‌కు తగలని వెనక వైపు అతికించాలి.

పాట మసకబారితే ముందు చేయాల్సింది తుడవడం. పది పదిహేను గంటలు వాడాక ఒకసారి, దూది చుట్టిన పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి హెడ్‌నూ, కాప్‌స్టాన్‌నూ తుడవాలి. దూదికి గోధుమరంగు అంటుతుంది, అది రీలు నుంచి రాలిన పొడి. ఆ రంగు రావడం ఆగేదాకా పుల్లలు మార్చాలి. పించ్ రోలర్‌ను చూడగానే దాని వయసు తెలిసిపోతుంది: నల్లగా, మెత్తగా, మెరుపు లేకుండా ఉంటే బాగున్నట్టు. అద్దంలా మెరుస్తుంటే గట్టిపడినట్టు, మార్చేయాలి. తుడిచాక ఐదు నిమిషాలు ఆరనివ్వకుండా క్యాసెట్ పెట్టొద్దు.

మోటారు తిరుగుడును చక్రాలకు అందించే రబ్బరు బెల్టు విషయం చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థమే లేదు. అటక మీద పదేళ్లున్న యంత్రాన్ని విప్పితే బెల్టు ఉండాల్సిన చోట తారులాంటి ముద్ద కనిపిస్తుంది. చేతికి అంటిందంటే తలుపు గడియల దాకా మరకలే. చేతి తొడుగులు వేసుకుని అదే ఆల్కహాల్‌తో గాడులన్నీ తుడిచి, కొత్త బెల్టు వేయాలి. పాతది ఏ దారిన నడిచిందో దారం చుట్టి కొలిచి, దానికంటే సుమారు ఐదు శాతం పొట్టిది ఎంచుకుంటే సరిపోతుంది. మరీ బిగుతైతే మోటారు మూలుగుతుంది, వదులైతే పాట ఊగుతుంది.

వేగం సరిగా ఉందో లేదో చూడటానికి పరికరాలు అక్కర్లేదు. అదే రికార్డింగు డిజిటల్‌లో 240 సెకన్లు ఉండి, క్యాసెట్‌లో 250 పడితే యంత్రం నాలుగు శాతం నెమ్మది. శ్రుతిలో అది హార్మోనియం మీద సుమారు ముప్పావు మెట్టు దిగడం. చాలా మోటార్ల వెనక చిన్న కన్నం, దాని లోపల తిప్పడానికి ఒక మర ఉంటుంది. బెల్టు, రోలర్ మార్చకుండా దాన్ని ముట్టుకోకూడదు. ఇక్కడే ఓ తమాషా ఉంది. వేగం సరిచేశాక పాత పాట వింటే గాయకుడు ఎవరో తరుముతున్నట్టు పాడుతున్నాడనిపిస్తుంది. పాట మారలేదు. సాగిన బెల్టు మీద పదేళ్లు విని, ఆ మందగమనమే అసలు అందమని చెవి స్థిరపడిపోయింది. పది రోజులు వింటే సర్దుకుంటుంది. అలాగే ఒక పాట ముగియగానే, ఫోన్‌లో ఏది రాబోతున్నా, నాలుక మీదికి క్యాసెట్ వరసలోని తర్వాతి పాటే వస్తుంది. దీనికి మరమ్మతు లేదు, అక్కర్లేదు కూడా.

హెడ్ పక్కన స్ప్రింగుతో ఉండే చిన్న మర గురించి జాగ్రత్త. హెడ్ రీలుకు నిటారుగా ఉందా లేదా అన్నది అది చూసుకుంటుంది. కొంచెం ఒరిగినా 'స', 'ష' శబ్దాలు మొద్దుబారతాయి. వేరే యంత్రంలో నింపిన క్యాసెట్‌కు దాన్ని కొద్దిగా సర్దాల్సి వస్తుంది. మర ఎక్కడుందో ముందు గుర్తు పెట్టుకుని, చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున మాత్రమే తిప్పుతూ వినాలి. యాభై దాటాక చెవికి సన్నటి పై శబ్దాలు తగ్గడం సహజం కాబట్టి, ఈ పనికి ఇంట్లో పన్నెండేళ్ల పిల్లవాణ్ణి కూర్చోబెట్టడం ఉత్తమం. స్క్రూడ్రైవర్ పెద్దవాళ్ల చేతిలో, తీర్పు పిల్లల చెవిలో. పిల్లలు దీన్ని ఆటలా తీసుకుంటారు, ఫలితం కూడా కచ్చితంగా వస్తుంది.

ఇంట్లో నింపిన క్యాసెట్ ఏది దొరికినా, యంత్రంలో పెట్టేముందు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ చెవులు విరిచేయండి. రీలు కనిపించే అంచు కిందికి ఉంచి పట్టుకుంటే, ఎదురుగా ఉన్న వైపుకు ఎడమ చెవి కాపలా. అది లేకపోతే రికార్డు మీట దిగదు. ప్లే నొక్కబోయి రెండూ కలిపి నొక్కడం వల్ల చెరిగిపోయిన గొంతులు లెక్కలేనన్ని.

కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఈ ఏడాదే మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే కరువు రీలుకు కాదు, బాగున్న యంత్రానికి. యంత్రం లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కి తీగ కలపాలి. మైక్ కన్నంలో పెడితే శబ్దం పగులుతుంది. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలుగా, మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ఎక్కించండి. గంటకు స్టీరియోలో సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. ముందుగా క్యాసెట్‌ను ఆ చివరిదాకా, మళ్లీ ఈ చివరిదాకా ఒకసారి తిప్పితే చుట్టలు వదులవుతాయి. రీలు సరసర తగ్గించే డాల్బీ పద్ధతితో నింపినదైతే యంత్రం మీది డాల్బీ మీట వేసే ఎక్కించాలి. అట్ట మీద చేత్తో రాసిన పాటల జాబితాకు ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి.

చివరి పాట అయిపోగానే రికార్డింగ్ ఆపేయకండి. ఇంట్లో నింపిన క్యాసెట్‌లలో పాటలు అయిపోయాక రెండు మూడు నిమిషాల రీలు మిగులుతుంది. మైకు పనిచేస్తోందా అని ఎవరో "హలో, హలో" అని చూసిన గొంతు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.