కోర్సు తయారీ సాఫ్ట్‌వేర్ కొనే కాలేజీలకు హెచ్చరిక: డెమో చూసి ఆర్డర్ ఇవ్వకండి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో పనిచేసే సార్లకు, మేడమ్‌లకు ఇది రాస్తున్నాను. కంప్యూటర్‌లో పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు మన కాలేజీల చుట్టూ గట్టిగానే తిరుగుతున్నారు. మా కాలేజీ ఒకటి కొన్నది. మెకానికల్, సివిల్ స్టాఫ్ రాత్రిళ్లు కూర్చుని చేసిన పాఠాలన్నీ ఇప్పుడు అందులోనే చిక్కుకుపోయాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు వాళ్లొక్కరి దగ్గరే ఉందనుకోను, కాబట్టి కొనేముందు ఏం చూడాలో చెప్తేనే మీకు పనికొస్తుంది.

డెమోలో ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ తిరుగుతుంది, వాల్వులు తెరుచుకుంటాయి, రంగులు మారతాయి. చూసినవాళ్లందరికీ నచ్చుతుంది. అది వాళ్లు ముందే చేసిపెట్టుకున్న పాఠం. మన పాఠం అందులో ఎలా ఉంటుందో ఆ రోజు తెలియదు.

మా దగ్గర మొదట దెబ్బతిన్నది స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్. ఈక్వేషన్ ఎడిటర్ ఉంది కానీ, సేవ్ చేయగానే ఈక్వేషన్‌ను బొమ్మగా మార్చేస్తుంది. బెండింగ్ ఈక్వేషన్ ల్యాబ్ మానిటర్ మీద బాగానే కనపడింది. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే సిగ్మా ఏదో, సున్నా ఏదో తెలియలేదు. పరకాల, నర్సంపేట, ములుగు నుంచి బస్సులో వచ్చే పిల్లలు పాఠం చూసేది ఫోన్‌లోనే. ఒక్క గుర్తు మార్చాలన్నా ఈక్వేషన్ మొత్తం మళ్లీ రాయాలి. తెలుగులో వివరణ ఇస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి.

ప్రశ్నల సంగతి ఇంకా ఘోరం. సింప్లీ సపోర్టెడ్ బీమ్, 6 మీటర్ల స్పాన్, మీటరుకు 10 కిలోన్యూటన్ల లోడ్, గరిష్ఠ బెండింగ్ మూమెంట్ ఎంత? క్లాసు మొత్తానికి అవే అంకెలు. 45 అనే జవాబు సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో నడపడానికి ఉచితంగా దొరికే మూడుల్ అనే లెర్నింగ్ సిస్టమ్‌లోనే కాలిక్యులేటెడ్ ప్రశ్న పెడితే ఒక్కో విద్యార్థికి వేరే లోడ్, వేరే స్పాన్ వస్తాయి. డబ్బు పోసి కొన్నదాంట్లో ఆ సౌకర్యం లేదు.

ఇవన్నీ ఎలాగోలా భరించొచ్చు. అసలు నష్టం స్కార్మ్ దగ్గర జరిగింది. ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాఠాన్ని వేరే లెర్నింగ్ సిస్టమ్‌లో నడపడానికి, మార్కులు అక్కడికి చేరడానికి ఉన్న ప్రమాణం అది. బ్రోచర్‌లో ‘స్కార్మ్ సపోర్ట్ ఉంది’ అని ఉంది, జిప్ ఫైల్ కూడా వచ్చింది. వీడియోలున్న యూనిట్ జిప్ సైజు చూస్తే కొన్ని కేబీలే! తెరిస్తే లోపల మానిఫెస్ట్ ఫైల్ (ప్యాకేజీలో ఏమున్నాయో చెప్పే జాబితా), ఒక చిన్న వెబ్ పేజీ. ఆ పేజీ చేసే పనల్లా వాళ్ల సర్వర్ నుంచి పాఠాన్ని తెచ్చి చూపించడం. పాఠం మన చేతికి రానేలేదు. లైసెన్స్ గడువు తీరగానే మా మూడుల్‌లో తెల్ల పేజీ వచ్చింది. రెన్యువల్ కొటేషన్ మొదటి ఏడాదికన్నా ఎక్కువ, జీఎస్టీ 18 శాతం అదనం. పాఠాలు రాసింది మా వాళ్లు, వాటిని చూడటానికి అద్దె కట్టాల్సింది కూడా మేమే. ఇది నాకు న్యాయంగా అనిపించడం లేదు.

అందుకే డెమోకు వచ్చినవాళ్లకు మీ సబ్జెక్టులో ఒక పాఠం ఇవ్వండి. ఈక్వేషన్లు, ఒక బీమ్ డయాగ్రమ్, ఒక వీడియో, నాలుగు లెక్కలు అందులో ఉండాలి. మీ ముందే చేయించి, జిప్ తీసుకుని, తెరిచి చూడండి. వీడియో, బొమ్మలు లోపల ఉన్నాయా? మీ మూడుల్‌లో ఎక్కించి, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో విద్యార్థి లాగిన్‌తో పరీక్ష రాయండి. మార్కు గ్రేడ్‌బుక్‌లో, అంటే మూడుల్ మార్కుల పట్టికలో పడాలి, ‘కంప్లీటెడ్’ అని పడితే చాలదు. సగంలో ఆపి మళ్లీ తెరవండి. స్కార్మ్ 1.2లో విద్యార్థి ఎక్కడ ఆపాడో దాచుకోవడానికి 4,096 అక్షరాల చోటే ఉంది. పాఠం పొడవైతే కొన్ని సాఫ్ట్‌వేర్లు అది దాటేసి మళ్లీ మొదటి స్లైడ్‌కు తెస్తాయి. స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో 64,000 అక్షరాలు పడతాయి. ఏ వెర్షన్ ఇస్తారో రాతపూర్వకంగా అడగండి.

గతంలో అడోబీ వాళ్ల యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఫ్లాష్‌లో చేసిన పాఠాలు ఏమయ్యాయో గుర్తుంది కదా. 2020 డిసెంబర్ 31తో అడోబీ దానికి సపోర్ట్ ఆపేసింది, ఎన్నో కాలేజీల యానిమేషన్లు ఆగిపోయాయి.

డబ్బు పెట్టేముందు పాఠాలు తయారుచేసే హెచ్5పీ, ఈఎక్స్‌ఈ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్లు వాడి చూడండి, రెండూ ఉచితమే. ప్రయోగాల సిమ్యులేషన్లకు కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి. కొనక తప్పదంటే స్టోరీలైన్, క్యాప్టివేట్, ఐస్ప్రింగ్ లాంటివాటికి ట్రయల్ దొరుకుతుంది, పైన చెప్పిన పరీక్షే వాటికీ పెట్టండి.

పర్చేజ్ ఆర్డర్‌లో మాత్రం ఈ మాట తప్పకుండా రాయించండి: ‘లైసెన్స్ ముగిసినా పబ్లిష్ చేసిన పాఠాలు కాలేజీ సర్వర్‌లో పూర్తిగా నడవాలి. వీడియోలు, బొమ్మలు, ప్రశ్నలు విడి ఫైళ్లుగా కాలేజీకి అప్పగించాలి.’ దీనికి ఒప్పుకోని కంపెనీకి అడ్వాన్స్ ఇవ్వొద్దని మీ ప్రిన్సిపాల్‌కు, అకౌంట్స్ సెక్షన్‌కు ఇప్పుడే చెప్పి ఉంచండి.