.22 సాధనకు ఏది మేలు: కన్వర్షన్ కిట్టా, విడి పిస్టలా?

అమెరికాలో రేంజికి వెళ్లి 9 ఎం.ఎం. పిస్టల్ కాల్చేవాళ్లకు అసలు ఖర్చు తూటాలదే. చవకైన చిన్న తూటా .22 ఎల్ఆర్‌తో సాధన చేయాలంటే దారులు రెండు: ఉన్న పిస్టల్‌నే దానికి మార్చే కన్వర్షన్ కిట్, లేదా విడిగా ఒక .22 పిస్టల్. 9 ఎం.ఎం. తూటా 25 సెంట్లు, .22 ఎల్ఆర్ 8 సెంట్లు అనుకుంటే, 350 డాలర్ల కిట్ సొమ్ము తిరిగి రావడానికి సుమారు 2,060 తూటాలు కాల్చాలి. నెలకు 50 కాల్చేవాళ్లకు అది మూడేళ్లకు పైమాటే. వాళ్లకు ఇంట్లో ఖాళీ 9 ఎం.ఎం. పిస్టల్‌తో డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చాలు.

కిట్‌లో స్లయిడ్ (కాల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగం), బ్యారెల్, స్ప్రింగ్, మ్యాగజైన్ ఉంటాయి. ఫ్రేమూ (పిడి ఉన్న కింది భాగం) ట్రిగ్గరూ మీవే, కిట్‌కి డబ్బు పెట్టేది అందుకే. .22 తూటాకు 9 ఎం.ఎం. బరువైన ఉక్కు స్లయిడ్‌ను వెనక్కి తోసే బలం లేదు. అందుకే గ్లాక్‌కి వచ్చే అడ్వాంటేజ్ ఆర్మ్స్ కిట్‌లో స్లయిడ్ అల్యూమినియంది. సీజెడ్ 75కి వచ్చే కాడెట్ కిట్ దారి వేరు: పైభాగమంతా కదలకుండా ఉండి, వెనకున్న చిన్న బోల్టు మాత్రమే కదులుతుంది. బ్యారెల్ స్థిరంగా ఉంటుంది కాబట్టి గురి బాగుంటుంది, బరువూ అసలు దానికి దగ్గరే. కొన్ని ఫ్రేములకు కాస్త అరగదీసి సరిచేయాలి.

విడి పిస్టల్‌లో రూగర్ మార్క్ 4 గురికి గట్టిది, కానీ దాని ట్రిగ్గర్ మీ గ్లాక్ ట్రిగ్గర్ కాదు. గ్లాక్ 44 (2020) అనే .22 పిస్టల్ కొలతలు గ్లాక్ 19వే, బరువు మాత్రం బాగా తక్కువ. ధర కిట్‌కి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి గ్లాక్ వాళ్లకు 44 మేలు, విప్పి బిగించే పని తప్పుతుంది. సీజెడ్ 75, 1911 పిస్టళ్లు ఉన్నవాళ్లకు కిట్టే.

ఫెడరల్ చట్టంలో తుపాకీగా లెక్కకొచ్చేది ఫ్రేమ్. కాబట్టి కిట్‌కి 4473 ఫారం (తుపాకీ కొనేటప్పుడు డీలర్ దగ్గర నింపే పత్రం) అక్కర్లేదు, విడి పిస్టల్‌ను డీలర్ దగ్గర కొంటే కావాలి. హెచ్-1బి మీద ఉన్న మనవాళ్లు మాత్రం జాగ్రత్త: చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ వంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. ఇండియాలో 1959 ఆయుధ చట్టం కింద విడిభాగాలూ ఆయుధాలే.

ఏది కొన్నా ఇబ్బందులు ఒకటే. స్లయిడ్ పూర్తిగా వెనక్కి రాకపోతే ముందు తూటా మార్చండి: 40 గ్రెయిన్ల హై వెలాసిటీ, సీసీఐ మినీ-మాగ్ లాంటిది. 1911లో బిగుతైన హామర్ స్ప్రింగ్ కూడా కారణం కావచ్చు. మ్యాగజైన్‌లో పై తూటా అడుగు అంచు కింది దాని అంచుకు ముందుండాలి, వెనకపడితే తట్టుకుని ఆగిపోతుంది. మైనమూ సీసమూ పేరుకుంటాయి కాబట్టి 200, 300 తూటాలకోసారి ఛాంబర్ (తూటా కూర్చునే గది) తుడవాలి. పేలకపోతే గొట్టం లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగి తీయండి. కిట్ మీద డ్రై ఫైర్ వద్దు, తూటాను పేల్చే పిన్ను నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి సొట్ట పడుతుంది.

.22తో రీకాయిల్ (కాల్చినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నే ఊపు) అలవాటు కాదు. రేంజి నుంచి వచ్చేముందు అసలు స్లయిడ్ ఎక్కించి 9 ఎం.ఎం. తూటాలు ఓ 50 కాల్చండి. పిస్టల్ సరిగ్గా బిగిసిందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.