జాగ్రత్త: "పిల్లలకు ఫ్రీ" అనే కార్తీక వనభోజనం ప్యాకేజీ

కర్నూల్లో చిన్న పిల్లలున్నవాళ్ళు ఆదివారం ఎక్కడికైనా తీసుకుపోదామని ప్యాకేజీలు చూస్తుంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. "కార్తీక వనభోజనం. ఓర్వకల్లు, యాగంటి, బెలుం ఒక్క రోజులో. తలకు 599 మాత్రమే. పిల్లలకు ఫ్రీ." ఈ కరపత్రం వాట్సాప్‌లో చూసి నేను పోయాను. నడిపినవాడి పేరు రాయడం లేదు. పేరూ నంబరూ వీళ్ళు ఎప్పుడైనా మార్చుకోగలరు. పద్ధతి గుర్తుపడితే చాలు.

నేను, మా ఆవిడ, మా అమ్మ, తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. ముగ్గురు పెద్దవాళ్ళకు 1797 రూపాయలు ముందే ఫోన్‌పే చేయమన్నాడు, చేశాను. డబ్బు పోయింది ఎవరో మనిషి సొంత ఖాతాకి. బిల్లు అడిగితే "అక్కడ ఇస్తాం సార్" అన్నాడు.

ఉదయం ఆరున్నరకల్లా రాజ్‌విహార్ దగ్గర ఉండమన్నారు. వ్యాను వచ్చింది ఎనిమిదీ నలభైకి. ఎక్కబోతుంటే డోరు దగ్గర కుర్రాడు మా పిల్లల్ని చూసి "వీళ్ళకు సీటు కావాలా సార్?" అని అడిగాడు. ముందు నాకు అర్థం కాలేదు. ఫ్రీ అంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే ఫ్రీ అంట! సీటు కావాలంటే తలకు 300. పిల్లలకు విస్తరి వేయాలంటే తలకు ఇంకో 150. టోలు, పార్కింగు వాటా కింద మనిషికి 50. ఈ ఒక్క లెక్కలో మాత్రం పిల్లలు కూడా మనుషులే. అంతా కలిపితే 2947 అయింది. యాగంటి గుడి, ఓర్వకల్లు రాక్ గార్డెన్, బెలుం గుహల దగ్గర టికెట్లు ఉంటే అవి మళ్ళీ మనవే.

అప్పుడే దిగి ఇంటికి పోవాల్సింది. కానీ కొత్త బట్టలేసుకుని, రాత్రంతా నిద్రపోని పిల్లలు అప్పటికే వ్యాను మెట్టు మీద నిలబడి ఉన్నారు. మా అమ్మ "పోనీలేప్పా, పండగ పూట ఎందుకు గొడవ" అంది. కట్టేశాను.

పదిహేడు సీట్ల బండిలో పెద్దవాళ్ళే ఇరవై మందిమి. నంబరు ప్లేటు తెల్లది. ఇది నేను ఓర్వకల్లులో దిగినప్పుడు గానీ చూడలేదు, తప్పు నాదే. కిరాయికి తిరిగే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉండాలి. సొంత వాడకం బండిని ఇలా బాడుగకు తిప్పితే, దారిలో ఏదైనా జరిగినప్పుడు బీమా కంపెనీ డబ్బు ఇవ్వనని చెప్పడానికి అదే సాకు అవుతుంది. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొడితే ఆ బండికి ఫిట్‌నెస్ ఉందో లేదో, బీమా ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని.

ఓర్వకల్లు రాక్ గార్డెన్ దగ్గర పది నిమిషాలు ఆపాడు, అదీ గేటు బయట. "ఇదే సార్ రాక్ గార్డెన్, ఫొటోలు దిగండి" అన్నాడు. లోపల రాళ్ళ మధ్య చెరువు ఉంటుందని పాపకు ముందే చెప్పి ఉంచాను. "నాయనా, చెరువేదీ?" అని అది అడుగుతుంటే వ్యాను హారన్ కొడుతూ ఉంది.

యాగంటి మాత్రం బాగుంది, అబద్ధం చెప్పకూడదు. కార్తీకం కదా, జనం కిక్కిరిసి ఉన్నారు. అయినా కోనేటి నీళ్ళలో కాళ్ళు పెట్టగానే పిల్లలు పొద్దుటి నుంచి పడిన అవస్థ మరిచిపోయారు. యాగంటి బసవన్న పెరుగుతూ ఉంటాడని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళని మా అమ్మ చెబుతుంటే, బాబు స్తంభానికీ బసవన్నకూ మధ్య సందులో చెయ్యి పెట్టి కొలిచాడు. ఇక్కడ కాకులు వాలవని వాళ్ళ అవ్వ చెప్పినప్పటి నుంచి ఆకాశం కేసే చూస్తూ నడిచి రెండుసార్లు తట్టుకుని పడ్డాడు కూడా.

భోజనం మధ్యాహ్నం మూడు దాటాక. వనభోజనం అన్నారుగా, ఉసిరి చెట్టు మాట దేవుడెరుగు, ఒక తుమ్మచెట్టూ నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ గోడా దొరికాయి. నీడ గోడది. గాలి వీస్తే విస్తట్లో తెల్లటి పొడి. ఆరిపోయిన పులిహోర, గరిటెడు సాంబారన్నం, అంతే. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఎక్కడని మా ఆవిడ అడిగితే డ్రైవరు రోడ్డు అవతలి చేను చూపించాడు. డబ్బు పోయిందానికన్నా నాకు ఇప్పటికీ మండేది దీనికే. ముసలివాళ్ళతో, పిల్లలతో పోయేవాళ్ళు ముందు అడగాల్సింది ఏమేం చూపిస్తారని కాదు. నీళ్ళెక్కడ, బాత్రూమ్ ఎక్కడ, అన్నం ఎన్నింటికి అని.

బెలుం చేరేసరికి ఐదు దాటింది. కౌంటరు మూసేశారు. "నేనేం చేసేది సార్, యాగంటిలో మీరే లేటు చేసినారు" అన్నాడు డ్రైవరు. నిర్వాహకుడి ఫోను స్విచ్ఛాఫ్. పాప ఏడవలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

నిజానికి ఇంట్లోనే ఒక కాగితం మీద లెక్క వేసుకుని ఉంటే తెలిసిపోయేది. కర్నూలు నుంచి బెలుం 100 కిలోమీటర్లకు పైనే. గుహ మొత్తం పొడవు 3229 మీటర్లు, అందులో దాదాపు కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు. లోపల ఉక్కపోత, చెమట. పిల్లలతో నింపాదిగా లోపల పాతాళగంగ అనే నీటిపాయ దాకా పోయి రావాలంటే రెండు గంటలు కావాలి. అలాంటి చోటును ఇంకో రెండు ఊళ్ళతో కలిపి ఒక్క రోజులో చూపిస్తానన్నాడంటే, ఏదో ఒకటి గేటు బయటి నుంచే అని అర్థం. మాకు రెండు అలా అయ్యాయి.

రెండు వారాల తర్వాత మేమే మళ్ళీ ఓర్వకల్లు పోయాం, కొత్త బస్టాండులో నంద్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కి. స్త్రీ శక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా. ఆధార్ చూపిస్తే అమ్మకు, ఆవిడకు, పాపకు జీరో టికెట్. నాకు ఫుల్లు, బాబుకు అర టికెట్. నాన్‌స్టాప్ ఎక్కకండి, దాంట్లో ఫ్రీ వర్తించదు. ఇంటి నుంచి చిత్రాన్నం, పెరుగన్నం, ఉడకబెట్టిన బుడ్డలు (వేరుశనక్కాయలు) తీసుకుపోయాం. ఈసారి పాప చెరువు చూసింది. గార్డెన్లో నీడ తక్కువ, పొద్దున్నే పోతే మంచిది, నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి. వ్యానువాడికి కట్టినదాంట్లో మూడో వంతు కూడా ఖర్చు కాలేదు. బెలుం ఇంకో రోజు విడిగా పోవాలి.

డబ్బు విషయానికొస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు నంబరు ఇచ్చారు. బిల్లు లేకపోయినా డబ్బు పంపిన స్క్రీన్‌షాటు, ఆ కరపత్రం, మాట్లాడుకున్న మెసేజీలు దాచుకోండి, డిలీట్ చేయకండి. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారాలకు అక్కడ ఫీజు లేదు. నేను ఫిర్యాదు చేశానని తెలిసి నిర్వాహకుడు తనే ఫోన్ చేశాడు. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే 500 వేస్తా అన్నా" అన్నాడు. వద్దన్నాను.

మొన్న ఇంకో కరపత్రం వచ్చింది. పేరు వేరు, నంబరు వేరు, ఈసారి "సంక్రాంతి స్పెషల్, మహానంది, అహోబిలం, బెలుం". కింద ఎర్ర అక్షరాల్లో అదే "పిల్లలకు ఫ్రీ". పైన గుహ ముందు నిలబడిన ఫ్యామిలీ ఫొటో కూడా అదే.