వాట్సాప్‌లో అమ్మే క్రికెట్ ఐడీ: తెర మీది మాటల్లో కోత ఎక్కడుంది

ఐపీఎల్ దగ్గర పడిందంటే భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం ఎక్కడ చూసినా ఫోన్లలో ఒకే రకం మెసేజ్ తిరుగుతుంది. ఐడీ కావాలా, 500తో మొదలుపెట్టొచ్చు, విత్‌డ్రా ఎప్పుడంటే అప్పుడు. పంపిన క్యూఆర్‌కి డబ్బు కొడితే క్రికెట్ పందేలు ఆడే సైటులోకి వెళ్లే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వస్తాయి, అదే ఐడీ. సైటు పేరు మారుతూ ఉంటుంది, లోపలి తెర మాత్రం మారదు. నీలం గడులు, గులాబీ గడులు, వాటి కింద ఫ్యాన్సీ అని, అంటే గెలుపోటముల మీద కాకుండా పరుగుల్లాంటి వాటి మీద వేసే పందేలు, పొడుగాటి జాబితా. ఈ సమీక్ష ఏ ఒక్క సైటు గురించో కాదు, ఆ తెర గురించి. దాని మీద కనిపించే ప్రతి మాటా ఒక ధర. ఆ ధర చదవడం రాకపోవడం వల్లే ఎక్కువ మంది డబ్బు పోతోంది.

మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం: ఈ ఐడీ తీసుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది నేరం. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచి, కొనే సరుకుగా మాత్రమే చూసినా ఇది నాసిరకమే. ఎందుకో మాట మాటకీ చూద్దాం.

మొదట మ్యాచ్ రేటు. చెన్నై 80-82 అని ఉందనుకోండి. నీలం గడి లగాయి, అంటే చెన్నై గెలుస్తుందని వేయడం. వెయ్యి పెడితే గెలుపు 800, ఓడితే వెయ్యి పోతుంది. గులాబీ గడి ఖాయి, అంటే చెన్నై గెలవదని వేయడం. వెయ్యి కొడితే గెలుపు వెయ్యి, ఓడితే 820 కట్టాలి. ఇదే రేటు కొన్ని తెరల మీద 1.80, 1.82 అని దశాంశాల్లో ఉంటుంది. పెట్టిన రూపాయి కూడా కలిపి చూపిస్తారు కాబట్టి అది 1.80 అయింది, అంతే తేడా. బయటి సైట్లలో 5/2 అని కనిపిస్తే రెండు రూపాయలకి అయిదు లాభం, దశాంశంలో 3.50. అమెరికా పద్ధతిలో ప్లస్ 250 అన్నా అదే. మైనస్ 200 అంటే 200 పెడితే 100 లాభం, దశాంశంలో 1.50.

రేటు ఎంత కోస్తోందో తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. ఒకటిని దశాంశ రేటుతో భాగించండి. రెండు జట్లకీ వచ్చినవి కూడండి. 100 శాతం మీద ఎంత మిగిలిందో అది బుకీ కోత. రెండు వైపులా 1.90 ఉంటే ఒక్కోటి 52.63 శాతం, మొత్తం 105.26. అంటే రెండు వైపులా సమానంగా డబ్బు పడితే వందకి అయిదు రూపాయలు బుకీకి మిగులుతాయి. 80-82 దగ్గర ఖాయి అంటే 820 పణానికి వెయ్యి లాభం, ఎదుటి జట్టు మీద 2.22 రేటుతో సమానం; 1.80, 2.22తో ఇదే లెక్క కడితే 100.6 చుట్టూ తేలుతుంది. మ్యాచ్ రేటులో కోత నిజంగానే తక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. కాస్త లెక్క తెలిసినవాణ్ని లోపలికి లాగేది కూడా ఆ రేటే. కోతంతా కింద ఫ్యాన్సీలో ఉంటుంది.

ఖాయిలో మాత్రం ఒక గొయ్యి ఉంది. ఓడిపోయేలా కనిపించే జట్టు రేటు 3.50 దగ్గర ఉన్నప్పుడు, ఇది ఎలాగూ ఓడుతుంది కదా అని గులాబీ గడిలో వెయ్యి కొడతారు. ఆ జట్టు నిలబడి గెలిస్తే పోయేది వెయ్యి కాదు, 2500. పైన మూల ఎక్స్‌పోజర్ అని ఎర్ర అంకె కనిపిస్తుంది చూడండి, అసలు పణంగా పెట్టింది అదే. బ్యాలెన్స్ చూసుకుని ఎక్స్‌పోజర్ చూడకుండా ఆడేవాళ్లే ఎక్కువ.

ఇక సెషన్, అంటే ఫ్యాన్సీలో ఇన్ని ఓవర్లకి ఇన్ని పరుగులు వస్తాయా రావా అని వేసే పందెం. మన వైపు పల్లెల్లో కూడా నలుగురూ మాట్లాడుకునేది దీని గురించే, కోత ముదిరేదీ ఇక్కడే. "6 ఓవర్లు, 46-47" అని ఉంటుంది. యస్ 47 అంటే ఆరు ఓవర్లలో 47 గానీ అంతకంటే ఎక్కువ గానీ కొట్టాలి. నో 46 అంటే 46 కొట్టకూడదు, 45 లోపే ఆగాలి. మరి సరిగ్గా 46 దగ్గర ఆగితే? యస్ వేసినవాడూ ఓడాడు, నో వేసినవాడూ ఓడాడు. ఆ ఒక్క పరుగు బుకీది. చెరువు గట్టు మీద రొయ్యల కౌంటు పట్టేటప్పుడు ఒక్క కౌంటు తేడా వస్తే కాటా వదలకుండా వాదించే రైతు ఈ ఒక్క పరుగుని అడగడు. స్కోరు 35 నుంచి 60 మధ్య ఎక్కడైనా ఆగొచ్చు, అన్నిటికీ సమానంగా అవకాశం ఉంది అనుకున్నా, అది 26 అంకెల్లో ఒకటి, దగ్గర దగ్గర 4 శాతం. ఇన్నింగ్స్ మొత్తం మీద వేసే లంబీలో ఈ సందు ఇంకా వెడల్పు. 168-170 అని ఇచ్చారంటే 168 దగ్గర ఆగినా, 169 దగ్గర ఆగినా రెండు వైపులవాళ్లూ ఓడినట్టే.

కొన్నిసార్లు రెండు గడుల్లోనూ 46 అనే ఉంటుంది, సందు లేదని సంతోషించకండి. అంకె కింద సన్నటి అక్షరాల్లో 110, 90 అని రాసి ఉంటుంది. నో వైపు 100 గెలవాలంటే 110 పణం, యస్ వైపు 100 పెడితే 90 గెలుపు. పరుగులో తీయని కోతని పైసల్లో తీశారన్నమాట. లెక్క కడితే మళ్లీ 105 శాతం. ఆ సన్న అంకె చదవకుండా సెషన్ గడి ముట్టుకోవడం అంటే ధర అడగకుండా డబ్బులిచ్చి రావడమే.

టాస్ మీద పందెం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నాణేనికి రెండే ముఖాలు, రూపాయికి 95 పైసలు ఇస్తే వందకి రెండున్నర పోయినట్టు. దాంట్లో ఏ తెలివీ పనికిరాదు.

మ్యాచ్ నడుస్తుండగా గడుల మీద బాల్ రన్నింగ్ అనీ, సస్పెండెడ్ అనీ పడుతుంది. బౌలర్ పరిగెత్తడం మొదలుపెట్టగానే అక్కడ రేటు మూసేస్తారు. మన టీవీకి బంతి కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, ఫోన్లో చూస్తే ఇంకా ఆలస్యం. కాబట్టి మనం సిక్స్ చూసి వేలు కదిపేలోపు రేటు ఆ సిక్స్‌ని మింగేసి ఉంటుంది. నేను చూసి ఆడతాను అనే ధీమాకి ఇక్కడ చోటు లేదు.

మల్టీ అంటే మూడు నాలుగు పందేల్ని ఒకదానికొకటి గొలుసు కట్టడం. అన్నీ నెగ్గితేనే డబ్బు. 1.90 రేటున్న మూడు పందేలు కలిపితే 6.86 చూపిస్తుంది, కంటికి పెద్దగా ఉంటుంది. మూడూ సగం సగం అవకాశం ఉన్నవే అయితే న్యాయంగా ఇవ్వాల్సింది 8. ఒక్కో పందెంలో వందకి అయిదు పోయేది గొలుసులో 14 దాటింది.

క్యాష్ అవుట్‌లోనూ, అంటే మ్యాచ్ ముగియకముందే పందెం వదిలేసి డబ్బు తీసుకోవడంలోనూ ఇంతే. 3.00 రేటు దగ్గర వెయ్యి పెట్టారు, మ్యాచ్ మీ వైపు తిరిగి రేటు 1.50కి వచ్చింది. మీ పందెం విలువ ఇప్పుడు 2000. బటన్ మీద 1850 అని ఉంటే ఆ 150 రెండో కోత. వేసేటప్పుడు ఒకటి, తీసేటప్పుడు ఒకటి. బుక్‌సెట్, లాస్ కట్ అని గ్రూపుల్లో గొప్పగా చెప్పేవి ఎదురు పందెం వేసి చేత్తో చేసుకునే క్యాష్ అవుటే, రేటు తేడా అక్కడా కట్టాల్సిందే.

బోనస్‌లో దాగిన మాట రోలోవర్. 5000 వేస్తే ఇంకో 5000 ఇస్తామంటారు. షరతు పది రెట్లు అయితే రెండూ కలిపిన 10,000 మీద పది రెట్లు, అంటే లక్ష రూపాయల పందేలు ఆడితే గానీ విత్‌డ్రా లేదు. వందకి అయిదు చొప్పున లక్ష మీద కోత ఎంత? 5000. ఇచ్చిన బోనస్ అంతా అక్కడే తిరిగి వెళ్లిపోతుంది.

వానొస్తే ఏమవుతుందో రూల్స్ పేజీలో ఉంటుంది, అది ఎవరూ తెరవరు. టీ20లో ఫలితం తేలాలంటే రెండో జట్టుకీ కనీసం 5 ఓవర్లు పడాలి. పడకపోతే మ్యాచ్ పందెం వాయిడ్, పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. అప్పటికే పూర్తయిన సెషన్లు మాత్రం అలాగే ఉండిపోతాయి. ఒక దానిలో పోయింది ఇంకో దానిలో సర్దుకుంటుందని రెండూ కలిపి ఆడినవాడికి సర్దుకోవాల్సిన పందెమే రద్దయిపోయి, నష్టం మిగులుతుంది.

ఐడీ ఇచ్చే ఏజెంట్ సంగతి కూడా సర్వీసులో భాగమే. పైన సూపర్ మాస్టర్, కింద మాస్టర్, ఆ కింద మన ఊరి కుర్రాడు. ఈ ఏర్పాట్లలో ఏజెంటుకి మీ నష్టంలో వాటా ఉంటుంది. "ఈరోజు సెషన్ రిపోర్ట్ పక్కా తమ్ముడూ" అని ఆయన పంపే మెసేజ్‌ని ఆ వాటా గుర్తుపెట్టుకుని చదవాలి. ముందే ఫిక్సయిన ఫలితం తెలుసంటూ రిపోర్టులమ్మే టెలిగ్రామ్ గ్రూపుల లెక్క ఇంకా సులువు. 800 మందిలో 400 మందికి యస్, 400 మందికి నో పంపుతారు. నెగ్గిన సగాన్ని మళ్లీ రెండుగా చీలుస్తారు. మూడు మ్యాచ్‌లు గడిచేసరికి 100 మందికి ఆ రిపోర్టులమ్మేవాడు ఒక్కసారి కూడా తప్పనివాడిగా కనిపిస్తాడు. డబ్బు అడిగేది ఆ 100 మందినే.

సంక్రాంతి బరి దగ్గర పై పందెం కాసినా నేరమే, కానీ అక్కడ ఎదుటి మనిషి కళ్ల ముందుంటాడు, కోడి పడగానే లెక్క తేలిపోతుంది. ఇక్కడ గెలిచిన డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తోందో తెలియదు. ప్రతిసారీ క్యూఆర్ మారుతోందంటే అవి అద్దె ఖాతాలని, అంటే ఇతరుల పేరు మీదున్నవి వాడుకుంటున్నారని అర్థం చేసుకోవాలి. ఎక్కడో ఎవరో మోసపోయి ఫిర్యాదు చేసిన డబ్బు అదే ఖాతాలోంచి మీకు వచ్చిందా, మీ ఖాతా కూడా ఆగిపోవచ్చు. ధాన్యం డబ్బులు, జీతం, పిల్లల ఫీజు అన్నీ ఆ ఖాతాలోనే ఉంటే ఇంటిల్లిపాదీ ఇబ్బంది పడతారు. విత్‌డ్రా ఇవ్వకుండా బ్లాక్ చేస్తే కోర్టుకి వెళ్లే దారీ లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన డబ్బు ఇప్పించమని దావా వేయలేరు.

ఇప్పటికే ఐడీ ఉన్నవాళ్లు చేయాల్సింది ఇది. కొత్తగా డబ్బు వేయకండి, పోయింది రాబట్టడానికని అసలే వేయకండి. ఐడీ వివరాలు, చాట్లు, క్యూఆర్ ఫొటోలు, యూపీఐ లావాదేవీ నంబర్లు తుడిచేయకుండా దాచండి. విత్‌డ్రా కావాలంటే ముందు పన్ను కట్టాలనీ, డిపాజిట్ కట్టాలనీ అడిగితే అది మోసం, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఖాతా ఆగిపోతే బ్యాంకులో ఫిర్యాదు నంబరు, ఏ ఊరి సైబర్ పోలీసులు ఆపమన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. స్టేట్‌మెంటుతో ఆ స్టేషన్‌కి అర్జీ పెట్టండి. ఇంట్లో ఎవరైనా ఆడకుండా ఉండలేకపోతున్నా, అప్పుల గురించి మాటల్లో నిరాశ వినిపిస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.